డిసెంబరు నడకలు, కిందటి నడక లెక్కలు, ఆ కొండ పేరు సంగతి

కొండగాలి | నవంబరు 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మన క్లబ్బు 9వ తారీఖు కొండ నడకకి వచ్చిన 22 మందీ క్షేమంగా ఇళ్ళకి చేరారు. బస్సు వైజాగ్‌లో ఎంవీపీ కాలనీకి వచ్చేసరికి రాత్రి 9 అయింది. కార్తీక మాసం, పైగా ఆదివారం, ఘాట్ రోడ్డంతా వనభోజనాల బస్సులే. ఆ లెక్క ముందే వేసుకోవాల్సింది. వేసుకోలేదు, తప్పు నాదే.

కొండ పైదాకా వెళ్ళలేదు. పొద్దున్న ఊళ్ళో నడక మొదలుపెట్టేముందే చెప్పినట్టు, 12 గంటలకి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాం. కొందరికి కష్టంగా ఉందని తెలుసు. ఇక్కడే మాట్లాడుకుందాం.

రాబోయేవి ఇవీ. నవంబరు 23 ఆదివారం కంబాలకొండ, కొత్తవాళ్ళకీ పిల్లలకీ. పొద్దున్న 6 గంటలకి గేటు దగ్గర కలుద్దాం, 10 గంటలకల్లా అయిపోతుంది. బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, స్పీకర్లు మాత్రం వద్దు. డిసెంబరు 7న కిరండూల్ పాసింజర్‌లో బొర్రా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కటికి జలపాతానికి నడక. డిసెంబరు 20, 21న మళ్ళీ మొన్నటి కొండకే, ఈసారి ఊళ్ళో ఒక రాత్రి ఉండి. జనవరిలో సంక్రాంతి అయ్యేదాకా ఏమీ లేదు. ఆ తర్వాత తొట్లకొండకి ఒక పూట వెళ్దామని అనుకుంటున్నాం, తారీఖు పెట్టలేదు.

మనిషికి 1,200 చొప్పున 26,400 వచ్చింది. బస్సుకి 14,000, దారిలో టిఫిన్లకి 1,320, ఊళ్ళో ఆడవాళ్ళు వండిపెట్టిన భోజనాలకి 3,300, దారి చూపించిన ముగ్గురికి తలా వెయ్యి, మందుల పెట్టెలోకి 780. మిగిలిన 4,000 క్లబ్బు డబ్బులో కలిపాను. బిల్లుల ఫోటోలు గ్రూపులో ఉన్నాయి.

ఇంకోటి. ఊట దగ్గర ఎవరిదో స్టీలు టిఫిన్ డబ్బా మూత మర్చిపోయారు. బస్సెక్కాక గుర్తొచ్చిందట, ఎవరిదో చెప్పలేదు.

---

రెండో టిఫిన్ | నవంబరు 11, రాత్రి 10:05

మూత నాది కాదు. నా డబ్బాలో ఏదీ మిగలదు కాబట్టి మూత తీసే ఉంటుంది, నేను మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఊళ్ళో పెట్టిన చోడి అంబలి గురించి ఒక్కరూ రాయలేదేంటండీ? అడ్డాకు విస్తట్లో వేడివేడి అన్నం, పక్కన పచ్చిమిరపకాయ, చోడి అంబలి. నేను 12 గంటలకి వెనక్కి తిరిగినందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు. డిసెంబరు 7న ట్రైన్‌లోకి మా ఇంటి నుంచి దబ్బకాయ పులిహోర, పది మందికి. ముందు చెప్పినవాళ్ళకే.

---

డబుల్ రోడ్డు | నవంబరు 11, రాత్రి 10:31

నాకు బాధగానే ఉంది, దాచుకోను. తెల్లవారుజామున మూడున్నరకి బస్సెక్కాను. 1,200 కట్టాను. శిఖరం ఎదురుగా కనపడుతోంది, గడ్డి వాలు ఒక్కటే మిగిలింది, అరగంటలో ఎక్కేసేవాళ్ళం. అప్పుడు వెనక్కి రమ్మన్నారు. ముందు నడిచిన మేం ఏడుగురం అయినా వెళ్ళొచ్చేవాళ్ళం కదా? నిదానంగా వచ్చేవాళ్ళ కోసం అందరూ ఆగడం ఏం న్యాయం?

---

లెక్కల మాస్టారు | నవంబరు 12, ఉదయం 6:15

బాబూ, నీ బాధ నాకు తెలుసు. నిదానంగా వచ్చినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. నా మోకాళ్ళకి 63 ఏళ్ళు.

అయితే ఒక్కసారి కాగితం మీద వేసి చూద్దాం. 1892లో నైస్మిత్ అని స్కాట్లండ్ ఆయన ఒక లెక్క చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. మన దారి ఊరి నుంచి పైకి 6 కిలోమీటర్లు, ఎక్కేది 700 మీటర్లు. అంటే గంటా 12 నిమిషాలు, దానికి గంటా 10 నిమిషాలు కలుపుకో. మొత్తం 2 గంటల 22 నిమిషాలు. మనం ఏడున్నరకి మొదలెట్టి నాలుగున్నర గంటలు నడిచినా ఇంకా పైకి చేరలేదు. ఆ రెండు గంటలు ఎక్కడికి పోయాయి?

నేను గెడ్డ దగ్గర వాచీ చూస్తూ నిలబడ్డాను. రాళ్ళ మీద నాచు ఉంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పట్టుకుని దాటాం. మనిషికి రెండు నిమిషాలు. 22 మందికి 44 నిమిషాలు! మొదట దాటినవాళ్ళు అవతల ఒడ్డున కూర్చుని సెల్ఫీలు దిగారు, ఆఖర్న దాటినవాళ్ళు ఇవతల నిలబడి దోమల్ని కొట్టుకున్నారు. దిగేటప్పుడు మళ్ళీ 44. ఒక్క గెడ్డకే గంటన్నర. మన స్పీడు సంగతి కాదిది, తలకాయల లెక్క. పన్నెండు మందైతే 24 నిమిషాల్లో దాటేస్తాం.

నువ్వన్నట్టే పైకి వెళ్ళామనుకో. పన్నెండూ నలభైకి శిఖరం, ఫోటోలు అయ్యేసరికి ఒంటిగంటా పది. దిగడానికి మూడున్నర గంటలు, ఊరు చేరేసరికి 4:40. నవంబరులో మన వైపు అయిదూ ఇరవైకల్లా పొద్దు గుంకుతుంది, కొండల మధ్య ఇంకా ముందే. ఎవరికైనా ఒక్క కాలు మడతపడిందంటే చీకట్లో అదే నాచు రాళ్ళ మీద. టార్చి లైట్లు ఎంతమంది తెచ్చారో నేను లెక్కపెట్టాను. తొమ్మిది.

ఏడుగురు విడిగా వెళ్తే అన్నావు. దారి చూపించేవాళ్ళు ముగ్గురే. ఒకరు మీతో పైకి వస్తే, దెబ్బ తగిలినవాడి దగ్గర ఒకరుండి ఇంకొకరు సాయానికి పరిగెడితే, మిగిలిన గుంపుని కిందికి ఎవరు తీసుకెళ్తారు?

---

వలిసె పూలు | నవంబరు 12, ఉదయం 7:50

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

మాస్టారు చెప్పని సంగతి ఒకటుంది. పదకొండు గంటలకే ఇద్దరికి పిక్కలు పట్టేశాయి. ఒకరైతే లీటరు నీళ్ళే తెచ్చుకున్నారు, అవీ తొమ్మిదికల్లా అయిపోయాయి. నా దగ్గరున్న ఓఆర్ఎస్ అక్కడే ఖర్చయిపోయింది. ఈసారి మనిషికి కనీసం రెండు లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. బస్సెక్కేముందు నేనే బ్యాగులు చూస్తాను, మొహమాటం లేదు.

ఇంకోటి, ఇది అందరూ చదవాలి. ఏజెన్సీ నుంచి వచ్చాక మూడు వారాల్లోపు జ్వరం వస్తే, మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోకండి. డాక్టరు దగ్గరికెళ్ళి "నేను ఫలానా తారీఖున ఏజెన్సీ కొండల్లో తిరిగొచ్చాను" అని మీ అంతట మీరే చెప్పండి. వాళ్ళు అడక్కపోవచ్చు. అడవిలో తిరిగారని తెలిస్తేనే మలేరియా పరీక్ష, స్క్రబ్ టైఫస్ పరీక్ష రాస్తారు. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వస్తుంది. కుట్టినట్టు కూడా తెలీదు. ఒక్కోసారి కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, సాధారణంగా నడుము పట్టీ దగ్గరో, చంకలోనో, మనం చూసుకోని చోట. తొందరగా పట్టుకుంటే మామూలు మందులతోనే తగ్గుతుంది, ఆలస్యమైతే ఐసీయూ దాకా వెళ్తుంది. ఇంటికొచ్చాక బట్టలు వేణ్ణీళ్ళలో వెయ్యండి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చెయ్యండి. గడ్డిలో దొర్లి రీల్స్ తీసినవాళ్ళకి మరీ మరీ చెప్తున్నాను.

---

డబుల్ రోడ్డు | నవంబరు 12, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, లెక్క అర్థమైంది. ఒప్పుకుంటున్నాను. అయినా మనసు ఒప్పుకోవట్లేదు, దానికి టైం ఇవ్వండి.

ఒక పని చెయ్యండి. ఆ ఊరి లొకేషన్ పిన్ పెట్టండి. మా ఆఫీసులో అయిదుగురం ఉన్నాం, కార్లో మేమే వెళ్ళొస్తాం. నేను తీసిన ఫోటోలు ఇన్‌స్టాలో పెడితే ఒక్క రాత్రిలో యాభై మంది "ఎక్కడ, ఎక్కడ" అని అడిగారు. బస్సులో నిద్రపోయాను, ఊరి పేరు కూడా సరిగ్గా వినలేదు.

---

కొండగాలి | నవంబరు 12, మధ్యాహ్నం 2:02

పిన్ పెట్టను. ఊరి పేరు కూడా ఇక్కడ ఎవరూ రాయొద్దని మనవి.

కారణం చెప్తాను. దిగి వచ్చేటప్పుడు నేను అందరికంటే వెనక ఉన్నాను. ఊట దగ్గర ఒక పెద్దాయన చంకలో గోనెసంచి పెట్టుకుని, మనవాళ్ళు పడేసిన బిస్కెట్ కవర్లు ఏరుతున్నాడు. అప్పటికే మనలో ఎవరో డబ్బాలు అక్కడే సబ్బుపెట్టి కడిగేశారు. వెదురు బొంగుని సగానికి చీల్చి రాళ్ళ మధ్య పెట్టారు చూడండి, నీళ్ళు సన్నగా ధారకట్టేవి, దాని కింద నురగ తేలుతోంది. నేను సారీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. "బాబూ, ఫోటోలు తీసుకోండి, తిరగండి. మేం తాగేది ఈ నీళ్ళే. మీరు ఇరవై మంది వస్తేనే ఇలాగుంది. పేరు బైటకెళ్తే ఏటైపోద్ది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

లంబసింగిని చూశాం, తర్వాత వంజంగిని చూశాం. మేఘాల సముద్రం ఫోటో ఒకటి తిరిగాక తెల్లవారుజామున మూడింటికే అక్కడ బండ్లు బారులు తీరాయి. అందుకే.

---

భువనగిరి బండ | నవంబరు 12, సాయంత్రం 6:45

నేను హైదరాబాద్ నుంచి మీ గ్రూపుకి కొత్త. తప్పైతే క్షమించండి, గట్టిగానే మాట్లాడతా.

పేరు దాచిపెట్టుడు నాకు నచ్చలేదు. మీరు 22 మంది పోయి సూసి వస్తిరి, వేరేవాళ్ళు మాత్రం పోవద్దా? మా భువనగిరి కోట బండ తీసుకోండి. అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ పెట్టిండ్రు, ఊరూరా తెలిసింది. అట్ల తెలిసింది కాబట్టే గురుకులం పిల్లలు అక్కడ తాడు పట్టుడు నేర్చుకున్నరు. వాళ్ళల్ల మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలే. సాధనపల్లి ఆనంద్ కూడా అదే జట్టు. బండ పేరు ఎవరో తమ దగ్గరే దాచుకుంటే ఆ పిల్లలకి దారేది?

చెత్త వేసిండ్రంటే అది వేసినోళ్ళ తప్పు. కొండ పేరు చేసిన తప్పేముంది?

---

మారతహళ్ళి మెట్లు | నవంబరు 12, రాత్రి 8:10

నేను బెంగళూరు నుంచి. ఇక్కడ 2024 జనవరిలో కుమార పర్వతం మీద జనం ఎగబడ్డ వీడియోలు మీరూ చూసే ఉంటారు. దాని తర్వాత అటవీశాఖ ఆన్‌లైన్ బుకింగ్ లేకుండా ట్రెక్కులు ఆపేసింది, రోజుకి 300 మంది అని పరిమితి పెట్టింది. పేరు దాచనక్కర్లేకుండా తలకాయలు తగ్గించొచ్చు. కాకపోతే ఆ టికెట్ దొరకడం తత్కాల్ కంటే కష్టం, అది వేరే కథ.

---

కొత్త బూట్లు | నవంబరు 12, రాత్రి 8:55

మధ్యలో వస్తున్నందుకు సారీ అండీ. డిసెంబరు 7 నడకకి నేనూ మా చెల్లీ వద్దామనుకుంటున్నాం. రెండు డౌట్లు. ఒకటి, 4,000 పెట్టి ట్రెక్కింగ్ షూస్ కొనాలా? రెండు, బొర్రా దగ్గర ట్రాక్ మీద నడుస్తూ టన్నెల్లో రీల్ తీయొచ్చా? చాలామంది తీస్తున్నారు.

---

కేకే లైను | నవంబరు 12, రాత్రి 9:12

రెండోదానికి నేను చెప్తాను. వద్దు. వద్దే వద్దు.

కేకే అంటే కొత్తవలస-కిరండూల్. ఇది 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి, అక్కణ్ణుంచి జపాన్‌కి పంపడానికి వేసిన లైను. మనకి కనపడేది పొద్దున పోయే పాసింజరూ, అద్దాల బోగీనూ. దానికి అసలు బతుకు గూడ్సు బండ్లు. వాటికి మనకి తెలిసిన టైంటేబుల్ ఉండదు. యాభైకి పైగా సొరంగాలున్నాయి, చాలావాటికి వంపు. లోపలికెళ్ళాక అవతలి వెలుగు కనపడదు, బండి చప్పుడు ఎటునుంచి వస్తోందో కూడా తెలీదు, రాయి అంతా మోగుతుంది. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ట్రాక్ మీద తిరిగితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. నాకు జరిమానా సంగతి బెంగలేదు, ఆ వంపు సంగతే బెంగ.

సీటు సంగతి. పోయేటప్పుడు బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది, అప్పుడు కిటికీ దగ్గరుండండి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, ఆ తర్వాత బొర్రా. అదృష్టం బాగుండి ఎవరైనా ముందుకెళ్తే శిమిలిగూడ బోర్డు ఫోటో తెచ్చుకోండి. 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నిట్లోకీ ఎత్తైనదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. కశ్మీరులో లైను పడ్డాక ఆ ముచ్చట తీరిపోయింది.

కటికి దగ్గర దూకేది మన గోస్తనే. అదే నీరు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆదివారాలు భీమిలి బీచ్‌లో బజ్జీలు తినేవాళ్ళు ఒకసారి పై నుంచి కూడా చూడండి.

---

లెక్కల మాస్టారు | నవంబరు 12, రాత్రి 9:30

బూట్లకి 4,000 వద్దమ్మా. కంబాలకొండకీ కటికికీ అడుగు అరగని మామూలు స్పోర్ట్స్ షూస్ చాలు. అయితే కొత్తవి ఆ రోజే వేసుకుని రావద్దు. ముందు రెండు వారాలు వాటితోనే కూరగాయలకి వెళ్ళు. మేజోళ్ళు రెండు జతలు. గోళ్ళు కత్తిరించుకో, దిగేటప్పుడు బొటనవేలి గోరు ఎలా నల్లబడుతుందో నా కాలు చూపిస్తాను.

చలికి స్వెట్టర్ తెచ్చుకో. కిలోమీటరు ఎత్తుకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. వైజాగ్‌లో 20 ఉంటే పైన తెల్లవారుజామున పన్నెండూ పద్నాలుగూ. గాలి వీస్తే ఆ లెక్కా పనిచెయ్యదు.

సెంటు పూసుకు రావద్దు. కొండచరియల కింద పెద్ద తేనెపట్లుంటాయి. వాటి కింద నిప్పు రాజెయ్యడం, కేకలు వెయ్యడం కూడా వద్దు.

---

పాడేరు కుర్రాడు | నవంబరు 13, ఉదయం 10:20

అన్నలకి, అక్కలకి నమస్కారం. రెండేళ్ళ నుంచీ ఇక్కడ చదవడమే, రాసింది తక్కువ. ఈసారి రాయాలనిపించింది.

పేరు దాచాలి అని ఒకరు, చెప్పాలి అని ఒకరు. రెండూ బయటివాళ్ళ మాటలే. ఆ ఊరివాళ్ళని ఎవరైనా అడిగారా? పెద్దాయన ఒక్కరితో ఒక మాట మాట్లాడి వచ్చారు. అది అడగడం కాదు, ఆయనే మీకు చెప్పుకున్నాడు.

టూరిస్టులు వస్తే మాకు చెడ్డ అని నేననను. మా చుట్టాల ఇంట్లో టీ కొట్టు డబ్బుతోనే పిల్ల డిగ్రీకి వెళ్ళింది. కానీ చూడండి. కొండ పేరు మోగాక ముందు టెంట్లు వస్తాయి. ఏజెన్సీలో భూమి బయటివాళ్ళ పేర మారకుండా 1970 నుంచి 1/70 చట్టం ఉంది. కాగితం మీద పేరు మావాడిదే ఉంటుంది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వేరేవాళ్ళు. మావాడు అక్కడే టెంట్లు కొట్టి, తెల్లారి సీసాలు ఏరుతుంటాడు. మీరు 26,400లో బస్సుకి 14,000 ఇచ్చారు, ఊరికి అన్నీ కలిపి 6,300. తప్పని అనడంలేదు, మీరే రాసిన లెక్క చదివి చెప్తున్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి. మీరు సరదాకి నడిచే దారిలాంటి దారుల్లోనే మావాళ్ళు జబ్బుపడ్డవాళ్ళని డోలీలో మోసుకెళ్తారు. గెడ్డ దాటడానికి మీకు 44 నిమిషాలు పట్టిందన్నారు మాస్టారు. డోలీతో ఎంత పడుతుందో వాళ్ళని అడిగితే చెప్తారు.

భువనగిరి అన్నా, మీ బండ కింద జనం తాగే ఊట లేదు కదా.

---

భువనగిరి బండ | నవంబరు 13, ఉదయం 11:05

లేదు తమ్ముడూ. ఆ ముక్క నాకు తట్టలేదు.

---

కొండగాలి | నవంబరు 13, రాత్రి 9:15

తమ్ముడూ, నువ్వన్నది నిజం. అడగలేదు. దారి చూపించేవాళ్ళతో ఫోన్లో బేరం మాట్లాడుకుని, భోజనాలకి చెప్పి వెళ్ళిపోయాం. అటవీశాఖ వాళ్ళ దగ్గర అనుమతి అడిగాం, ఊరిని అడగలేదు.

ఎల్లుండి శనివారం వాళ్ళ సంత. నేనూ వలిసె పూలు అక్కా వెళ్తున్నాం. నువ్వు కూడా వస్తే బాగుంటుంది. అక్కడ మాట్లాడేదాకా డిసెంబరు 20 నడకకి పేర్లు తీసుకోవడం ఆపేశాను.

---

రెండో టిఫిన్ | నవంబరు 13, రాత్రి 9:40

సంతలో పిప్పళ్ళు దొరికితే పావుకిలో, రాజ్‌మా రెండు కిలోలు. డబ్బులు ఫోన్‌పే చేస్తాను. ఈ గొడవలో ఇది అడగొచ్చో లేదో తెలీదు, అడిగేశాను.

---

కొండగాలి | నవంబరు 16, మధ్యాహ్నం 12:30

నిన్న వెళ్ళొచ్చాం. పాడేరు తమ్ముడు కూడా వచ్చాడు. అతను లేకపోతే సగం మాటలు మాకు అర్థమయ్యేవి కావు, వాళ్ళూ అంత విప్పి చెప్పేవాళ్ళు కాదు.

సంతలో ఎవరి పనిలో వాళ్ళున్నారు. పసుపు, కొండచీపుళ్ళు, కోళ్ళు. మధ్యాహ్నం రెండు దాటాక చింతచెట్టు కింద పదిహేను మంది దాకా కూర్చున్నారు. మేం ఊరి పేరు గురించి అడగడానికి వెళ్ళామా, వాళ్ళు ముందు అడిగింది అది కాదు. "శనివారం ఎందుకొస్తామంటున్నారు?" అన్నారు. శనివారం ఊరంతా సంతకి దిగుతుంది, ఇళ్ళ దగ్గర ముసలివాళ్ళూ పసిపిల్లలే ఉంటారు. ఆ రోజు పన్నెండు మంది కొత్తవాళ్ళు ఊళ్ళోకొచ్చి రాత్రికి ఉంటామంటే వాళ్ళకి నచ్చలేదు. మాకు ఈ సంగతే తట్టలేదు. వారాంతం అంటే మనకి శని, ఆదివారాలు, అంతే.

పేరు సంగతి వచ్చేసరికి వాళ్ళలో వాళ్ళకే ఒక మాట లేదు. కుర్రాళ్ళు ఇద్దరు పేరు పెట్టమన్నారు, ఒకతను అప్పుడే ఫోన్లో కొండ వీడియో చూపించాడు, బాగా తీశాడు కూడా. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. నీళ్ళు మోసేది వాళ్ళే కదా. ఒకామె వలిసె పూలు అక్కతో అన్న మాట: "ఊట పక్కన మీవాళ్ళు కాలకృత్యాలకి కూర్చున్నారు, చెప్తే మీకు సిగ్గు, చెప్పకపోతే మాకు రోగం." అక్కా నేనూ తల దించుకున్నాం. ఇది ఎవరు చేశారని నేను అడగబోవడం లేదు.

చివరికి తేలిందేంటంటే, ప్రస్తుతానికి పేరు బయటపెట్టొద్దు. వచ్చే వేసవి అయ్యాక వాళ్ళే మాట్లాడుకుని చెప్తారు, అప్పుడు పెట్టమంటే పెడదాం. నెలకి ఒక్క గుంపు, పన్నెండు మందికి మించకుండా, ఆదివారమే. బస్సు కింద తారురోడ్డు దగ్గర ఆపాలి, అక్కణ్ణుంచి ఊరిదాకా నడక. ఊట దగ్గర ఏదీ కడగకూడదు, నీళ్ళు బిందెతో వాళ్ళే తెచ్చి ఇస్తారు. దారి చూపించేవాళ్ళని మనం ఎంచుకోవడం కాదు, ఊరు వంతులవారీగా పంపుతుంది. దారి చూపించే ఒక్కొక్కరికీ 1,200 ఇవ్వమన్నారు, వెంటనే ఒప్పుకున్నాను.

అందుకని డిసెంబరు 20 లేదు, 21 ఒక్క రోజే. పన్నెండు మందికి చిన్న బండి పెట్టినా తలా 1,500 పడుతుంది.

పిప్పళ్ళు దొరకలేదు. రాజ్‌మా నా దగ్గరుంది.

---

డబుల్ రోడ్డు | నవంబరు 16, మధ్యాహ్నం 1:15

ఇన్‌స్టాలో నా ఫోటోలకి లొకేషన్ "అరకు" అని మామూలుగా పెట్టాను, అది కూడా తీసేశాను. యాభై మందికీ "అడగొద్దు" అని చెప్పాను, ఇద్దరు అన్‌ఫాలో కొట్టారు.

21కి నా పేరు రాయండి. ఈసారి టార్చి రెండు తెస్తాను. గెడ్డ దగ్గర చెయ్యి పట్టుకుని దాటించే పని నాకిస్తే చేస్తాను.

---

లెక్కల మాస్టారు | నవంబరు 16, మధ్యాహ్నం 1:40

నీ పేరు రాయమన్నావు కదా, నాది నువ్వే రాయి బాబూ. నన్ను దాటించేది నువ్వే కాబట్టి.

12 గంటల రూలు మాత్రం మారదు. పన్నెండు మందైతే పదకొండుకల్లా పైన ఉంటామని నా లెక్క. తప్పితే మళ్ళీ వెనక్కే.

---

కొత్త బూట్లు | నవంబరు 16, సాయంత్రం 4:25

బూట్లు వేసుకుని నాలుగు రోజుల్నుంచి కూరగాయలకి వెళ్తున్నాను. మా చెల్లి నవ్వుతోంది. 7న ఇద్దరం వస్తున్నాం, రీల్ కిటికీలోంచే తీసుకుంటాం. పులిహోర ఇంకా ఉందాండీ?

---

రెండో టిఫిన్ | నవంబరు 16, సాయంత్రం 4:31

పదిలో రెండు మీవి. ఇంకా మూడు ఖాళీ. కేకే లైను గారికి పెట్టకపోతే స్టేషన్ల పేర్లు చెప్పరు, కాబట్టి రెండు.

---

కొండగాలి | నవంబరు 16, రాత్రి 8:50

21కి పన్నెండూ నిండిపోయాయి. మిగిలిన ఆరుగురి పేర్లూ జనవరి జాబితాలో ముందు పెట్టాను. 23 కంబాలకొండకి మాత్రం ఎంతమందైనా రండి.

ఒక్కటి మర్చిపోయాను. టిఫిన్ డబ్బా మూత దొరికింది. ఊట దగ్గర మనకి మాటలు చెప్పిన పెద్దాయన ఇంట్లో ఉంది. మూత మీద ఇంటిపేరూ గృహప్రవేశం తారీఖూ చెక్కించి ఉన్నాయి. మాస్టారూ, అది మీదే కదా? ఇన్నాళ్ళూ పలకలేదేం? వాళ్ళు దాన్ని పొయ్యి పక్కన పెట్టుకుని ఉప్పు వేసుకుంటున్నారు. ఇస్తామన్నారు గానీ, ఉప్పు వేరేదాంట్లో పోస్తుంటే నాకే మొహం చెల్లలేదు, ఉండనివ్వండి అని వచ్చేశాను.

---

లెక్కల మాస్టారు | నవంబరు 16, రాత్రి 9:05

నాదే. డబ్బాలు అక్కడ సబ్బుతో కడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే పలకలేదు.

ఉప్పుకి మూత చిన్నదవుతుంది. 21న డబ్బా తెస్తున్నాను.